ఆలోచన మీద శిస్తు

దొంగతనమంటే ఏమిటో తెలుసుకోవటానికి ధర్మశాస్త్రాలు తిరగెయ్యనక్కరలేదు. ఒకరి సొత్తును వారి అనుమతి లేకుండా తీసుకోవటం దొంగతనం. తీసుకున్నవాడికి అది తనది కాదని తెలిసి వుండాలి. పోగొట్టుకున్నవాడి దగ్గర అది లేకుండా పోవాలి. ఈ రెండు లక్షణాలూ లేనిచోట మన పల్లెల్లో ఎవరూ ఎవరినీ దొంగ అనరు. కాని ఈ రెండూ లేకపోయినా మనిషిని అపరాధిగా నిలబెట్టగల చట్టం ఒకటి వున్నది. ఎన్నడూ చూడని పద్ధతిని, దాని యజమాని పేరైనా వినకుండా, తన గదిలో కూచుని తన బుర్రతో కనిపెట్టుకున్నవాడు కూడా ఆ చట్టం దృష్టిలో ఒకరి హక్కును హరించినవాడే. అది పేటెంటు చట్టం. దాని సంగతి తెలుగు లెక్చరరుకెందుకని పాఠకులు అడగవచ్చు. 2023 దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఆ సంవత్సరం నా పాత విద్యార్థి ఒకడు ఒక వుత్తరం పట్టుకొని మా యింటికి వచ్చాడు. బి.యస్సీ.లో నా దగ్గర తెలుగు చదివినవాడు. హైదరాబాదు కూకట్‌పల్లిలో అద్దెగదిలో వుంటూ పగలు ఒక కంపెనీలో పనిచేస్తాడు. రాత్రిళ్ళు కూచుని రెండేళ్ళపాటు సొంతంగా ఒక యాప్ తయారుచేశాడు. (పగటి కంపెనీకి ఆ సంగతి తెలియదు, అది వేరే కథ.) అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు అక్షరాలూ గుణింతాలూ నేర్పి, చిన్న చిన్న కథలు చదివించే యాప్ అది. కథల్లో భాష నేను దిద్దాను. మొదటి పది పాఠాలు ఉచితం, ఆ పైవి కొనుక్కోవాలి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో కొన్ని వందల కుటుంబాలు కొనుక్కున్నాయి.

వుత్తరం అమెరికానుంచి వచ్చింది. చదివేవాడు ఎక్కడ ఆపాడో గుర్తుంచుకొని, మళ్ళీ తెరిచినప్పుడు, వేరే పరికరం మీద తెరిచినా సరే, అక్కడినుంచే చూపించే పద్ధతి తమ పేటెంటు కిందికి వస్తుందట. మూడు వారాల్లో లైసెన్సు తీసుకోకపోతే దావా వేస్తారట. లైసెన్సుకు అడిగిన మొత్తం ఆ యాప్ పుట్టినప్పటినుంచీ తెచ్చిన డబ్బంతా కలిపినా సరిపోదు.

నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మ భాగవతం చదువుతూ ఆపినచోట నెమలీక పెట్టేది. మరునాడు అక్కడినుంచే అందుకునేది. ఆ మాటే అన్నాను. అతను నవ్వలేదు. "మాస్టారూ, నేను దొంగతనం చేశానా?" అని అడిగాడు. కొంచెం ఆగి, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు. రెండు ప్రశ్నలకూ నేను తడుముకోకుండా జవాబిచ్చాను. దొంగతనం కాదన్నాను. ఒక్క పైసా కట్టొద్దు, పోరాడమన్నాను. మొదటి జవాబుకు ఈనాటికీ కట్టుబడి వున్నాను. రెండోది తలుచుకుంటే సిగ్గు వేస్తుంది.

మొదటి ప్రశ్ననే ముందు తీసుకుందాం. సాహిత్యంలో వున్నవాళ్ళకు అలవాటైన చట్టం కాపీరైటు. నేనొక కథ రాశాను. నా కథ చూడకుండానే విశాఖపట్నంలో మరొకాయన అలాంటి కథే రాశాడు. కాపీరైటు చట్టం ఆయన జోలికి పోదు. చూసి రాశాడా లేదా అన్నదే అక్కడ విచారణ. పేటెంటు చట్టంలో ఈ విచారణకు తావే లేదు. చూశావా, విన్నావా, నీ అంతట నువ్వే కనిపెట్టుకున్నావా అని అడగరు. పేటెంటు కాగితంలో చెప్పిన లక్షణాలన్నీ నీ పనిలో వున్నాయా? వుంటే నువ్వు బాధ్యుడివి. తెలిసి చేశావని తేలితే అమెరికా చట్టం ప్రకారం నష్టపరిహారం మూడింతల దాకా పెరగవచ్చు. తెలియక చేస్తే ఒక్క ఇంతే. నిర్దోషికి ఆ చట్టం ఇచ్చే మర్యాద ఈ తగ్గింపు వరకే.

అన్నీ మన గ్రంథాల్లోనే వున్నాయని వాదించేవాణ్ణి కాను. అయినా ఈ ఒక్క విషయంలో మన అలంకారికులు ఇంతకంటే లోతుగా ఆలోచించారని చెప్పక తప్పదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో ఈ ప్రశ్న ఎత్తుకున్నాడు. బుద్ధిమంతుల భావాలు ఒకదానితో ఒకటి కలవటం తరచుగా జరిగేదేనని ఒప్పుకొని మరీ మొదలుపెట్టాడు. ఆ కలయికకు సంవాదమని పేరుపెట్టి మూడు విధాలుగా విడదీశాడు. బింబానికి ప్రతిబింబంలా వుండేది ఒకటి, మనిషికి అతని చిత్తరువులా వుండేది ఒకటి, ఒక మనిషికి మరొక మనిషిలా వుండేది ఒకటి. మొదటి రెండూ కవి విడిచిపెట్టవలసినవి. మూడోదాన్ని విడవనక్కరలేదన్నాడు. అవును మరి, ఇద్దరు మనుషుల ముఖాలు కలిసినంత మాత్రాన ఒకరు మరొకరిలోంచి దొంగిలించబడ్డారని ఎవరంటారు? ఎవరి ప్రాణం వారికుంది. రాజాస్థానాల నీడన, భూస్వామ్య సమాజంలో బతికిన పండితుడికి తెలిసిన ఈ తేడా ఇరవై ఒకటో శతాబ్దపు పెట్టుబడిదారీ చట్టానికి తెలియదు. తెలియదు అనటం కూడా పొరపాటే. తెలిసి పక్కన పెట్టింది.

కవిత్వం వేరు, యంత్రం వేరు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని ప్రోగ్రాము ఈ రెంటిలో దేనికి దగ్గర? ఇలా వుంటే అలా చెయ్యి, లేకపోతే ఇంకోలా చెయ్యి, అయిపోయేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి — ఇలాంటి వాక్యాల వరుస అది. ప్రతి వాక్యమూ తర్కంలో ఒక అడుగు. ఒక మందుబిళ్ళలో పనిచేసే పదార్థం సాధారణంగా ఒకటో రెండో వుంటాయి. వాటి మీద హక్కు ఎవరిదో వెతికి తెలుసుకోవచ్చు. చిన్న యాప్‌లో కూడా ఇటువంటి అడుగులు వేలకొద్దీ వుంటాయి. ఏ అడుగు ఎవరి సరిహద్దులో పడుతుందో చూడాలంటే, ఒక పేటెంటు వకీలు కట్టిన భాషను మరొక పేటెంటు వకీలు విప్పి చెప్పాలి. ఆ సరిహద్దు రాళ్ళు కంటికి కనపడేవి కావు.

నా విద్యార్థికి వుత్తరం రాసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అదే పద్ధతి బహిరంగంగా కోర్టు కాగితాలకెక్కిన వుదంతం ఒకటుంది. 2011 మే నెలలో, ఐఫోన్‌కు యాప్‌లు రాసే చిన్న చిన్న డెవలపర్లకు లాడ్సిస్ అనే సంస్థ వుత్తరాలు పంపింది. యాప్ లోపలే కొనుగోలు చెయ్యటానికి పెట్టే మీట తమ పేటెంటు కిందికి వస్తుందని, అమెరికాలో వచ్చే రాబడిలో 0.575 శాతం తమకు కట్టాలని దాని సారాంశం. పేటెంటు నంబరు 7,222,078. దాని మూలం డాన్ ఏబెలో అనే ఆయన 1992లో పెట్టిన దరఖాస్తు. 1992లో ఐఫోన్ ఎక్కడిది? అది 2007లో వచ్చింది, యాప్ స్టోర్ 2008లో తెరిచారు. ఏబెలో రాసింది, ఒక వస్తువును వాడేవారి అభిప్రాయాలను ఆ వస్తువు ద్వారానే పోగుచేసి తయారీదారుకు చేరవేసే పద్ధతి గురించి. ఫాక్సు యంత్రం వంటివి ఆ కాలపు వస్తువులు. ఆయన 2004లో తన పేటెంట్లను ఇంటెలెక్చువల్ వెంచర్స్ అనే కంపెనీకి అమ్మేశాడు. అక్కడినుంచి అవి లాడ్సిస్ చేతికి వచ్చాయి. లాడ్సిస్ ఫోను చెయ్యదు, యాప్ రాయదు. హక్కుపత్రాలు పెట్టుకొని వుత్తరాలు రాయటం దాని వృత్తి.

ఆపిల్ ముఖ్య న్యాయాధికారి మే 23న లాడ్సిస్‌కు జవాబు రాశాడు. ఆ పేటెంట్లకు తాము ముందే లైసెన్సు తీసుకున్నామని, తమ మీట వాడుకునే డెవలపర్లకు కూడా ఆ లైసెన్సే రక్షణ అని దాని భావం. ఆ ముక్క చదివి డెవలపర్లు వూపిరి పీల్చుకున్నారు. మే 31న లాడ్సిస్ ఏడుగురు డెవలపర్ల మీద తూర్పు టెక్సాస్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. జూలైలో యాంగ్రీ బర్డ్స్ తయారుచేసిన ఫిన్లాండు కంపెనీ రోవియో కూడా ప్రతివాదుల జాబితాలోకి వచ్చింది. బ్రిటన్‌లో కొందరు డెవలపర్లు ఆ నెలలోనే తమ యాప్‌లను అమెరికా స్టోరునుంచి తీసేసుకున్నారు. ఆపిల్ ఆ కేసులో తానూ కక్షిదారుగా చేరతానని దరఖాస్తు పెడితే, అనుమతి 2012 ఏప్రిల్‌లో వచ్చింది. 2013 సెప్టెంబరు చివరికి లాడ్సిస్ మిగిలిన ప్రతివాదులందరితోనూ రాజీలు కుదుర్చుకుంది. ప్రతివాదులే లేనప్పుడు ఆపిల్ వాదన వినవలసిన పనిలేదని కోర్టు దాన్ని మూసేసింది. ఆపిల్ లైసెన్సు ఆ చిన్నవాళ్ళకు గొడుగు పడుతుందా పట్టదా అన్న అసలు ప్రశ్నకు ఏ న్యాయమూర్తీ జవాబు చెప్పలేదు. చెప్పించుకోవలసిన అవసరం లాడ్సిస్‌కు లేదు. చెప్పించుకునే స్తోమత డెవలపర్లకు లేదు.

ఆ 0.575 శాతాన్ని కొంచెం నిదానించి చూడాలి. లక్ష డాలర్ల రాబడి మీద అది 575 డాలర్లు. అమెరికాలో పేటెంటు లాయరు ఒకటి రెండు గంటలు పనిచేస్తే అంత అవుతుంది. కేసు చివరిదాకా నడిస్తే ఖర్చు లక్షల డాలర్లు. అంటే అడిగిన సొమ్ముకూ ఆ పేటెంటు విలువకూ సంబంధం లేదు. న్యాయం కొనుక్కోవటానికి అయ్యే ఖర్చుకు కిందుగా వుండేటట్టు ఆ ధర కట్టారు. ఆ మీట నిజంగా ఏబెలో ఆలోచనలోంచే పుట్టిందా లేదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. పేటెంటు బలమైనదైనా బలహీనమైనదైనా వుత్తరానికి పడే తపాలా ఖర్చు ఒకటే.

దీన్ని నేను శిస్తు అంటున్నాను. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా మన కోస్తా జిల్లాల్లో ఎందరో రైతులు జమీందారుకు శిస్తు కట్టారు. దున్నింది జమీందారు కాదు, నాటిందీ కోసిందీ జమీందారు కాదు. అయినా ఆ పోలిక ఒకచోట ఆగిపోతుంది. భూమి విషయంలో ఒక భౌతిక సత్యముంది: ఒకే మడిని ఇద్దరు విడివిడిగా దున్నలేరు. ఎవరో ఒకరి చేతిలో వుండక తప్పదన్న వాదనకు అక్కడ కొంత పట్టు దొరుకుతుంది. ఆపినచోట గుర్తు పెట్టుకోవటమనే ఆలోచన నా విద్యార్థి బుర్రలో వుంటే టెక్సాస్‌లో ఎవరి బుర్రలోనూ ఖాళీ ఏర్పడదు. లేని కొరతను చట్టం పని గట్టుకొని సృష్టించి దానికి కంచె వేసింది.

పేటెంటును సమర్థించేవాళ్ళ వాదన కూడా న్యాయంగా వినాలి. అది ఒక ఒప్పందమంటారు వాళ్ళు. కనిపెట్టినవాడు తన రహస్యాన్ని లోకానికి బోధించాలి. అందుకు ప్రతిఫలంగా దరఖాస్తు నాటినుంచి 20 ఏళ్ళపాటు దానిమీద హక్కు అతనిది. ఒప్పందంగా చూస్తే ఇందులో తప్పు పట్టటం కష్టం. బోధన వున్నచోట ఉపాధ్యాయుడికి జీతం వుండటంలో నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఈ బోధన విన్నదెవరు? 1992 నాటి దరఖాస్తు చదివి తన యాప్‌లో కొనుగోలు మీట పెట్టుకున్న డెవలపరు వున్నాడా? ఇంకొక విశేషం చెప్పాలి. పేటెంట్లు చదవొద్దని తమ ఇంజినీర్లకు సలహా యిచ్చే లాయర్లు అమెరికాలో చాలామంది వున్నారు. ఇందాక చెప్పిన మూడింతల నష్టపరిహారమే దానికి కారణం: చదివావంటే తెలిసినట్టు, తెలిసిందంటే బుద్ధిపూర్వకంగా చేసినట్టు. లోకానికి చదువు చెప్పటానికే పుట్టానని చెప్పుకునే చట్టం, చదివినవాడికి ఎక్కువ శిక్ష వేస్తున్నది. పాఠం చెప్పి పొట్ట పోసుకునేవాడిగా నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా అసహ్యంగా తోచింది ఇదే.

మా కాలేజీలో కామర్సు చెప్పే మిత్రుడొకాయన ఇదంతా విని, పేటెంటు లేకపోతే పెట్టుబడి పెట్టేదెవరోయ్ అన్నాడు. చరిత్ర ఆయన పక్షాన లేదు. ఆఫీసుల్లో లెక్కలు వేసే తీరునే మార్చేసిన విజికాల్క్ 1979లో వచ్చింది. దాన్ని రాసిన డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లకు దానిమీద పేటెంటు లేదు. ఆ రోజుల్లో ప్రోగ్రాములకు పేటెంటు దొరకటమే కష్టం. ఆ తరవాత వచ్చిన లెక్కల పట్టీలన్నీ దాని అడుగుజాడల్లో నడిచినవే. ఆ పరిశ్రమ పేటెంట్లు లేని నేలమీద మొలిచి, పెరిగి పెద్దదైన తరవాత కంచెలు వేసుకుంది.

ఇందుకు మరింత గట్టి ఉదాహరణ గణితంలో వుంది. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంతొరోవిచ్ అనే గణితవేత్త దగ్గరికి ఒక ప్లైవుడ్ ట్రస్టువాళ్ళు వచ్చారు. వున్న యంత్రాల మీద ఏ పని ఎంత వేస్తే ఎక్కువ వుత్పత్తి వస్తుందని వాళ్ళ ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ ఆయన ఈనాడు లీనియర్ ప్రోగ్రామింగ్ అని పిలిచే శాస్త్రానికి పునాది వేసి, ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అక్కడి అధికార యంత్రాంగం ఆ పుస్తకాన్ని ఎన్నో ఏళ్ళు పట్టించుకోలేదన్నదీ నిజమే. మనవాళ్ళు ఆ సంగతి దాచటం మంచిది కాదు. 1975లో ఆయనకు నోబెల్ బహుమతి పంచి యిచ్చారు. 1984లో అదే శాస్త్రంలో మన దేశస్థుడు నరేంద్ర కర్మార్కర్ అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పనిచేస్తూ ఒక గొప్ప కొత్త పద్ధతి కనిపెట్టాడు. కర్మార్కర్ ప్రతిభను ఎవరూ తక్కువ చెయ్యలేరు. అయితే ఆ పద్ధతికి యజమాని కంపెనీ ఏటీ అండ్ టీ 1988లో పేటెంటు సంపాదించింది. కాంతొరోవిచ్‌నుంచి కర్మార్కర్ దాకా ఎన్ని దేశాల గణితవేత్తలు ఆ మెట్లు కట్టారో లెక్కలేదు. వాళ్ళెవరూ శిస్తు అడగలేదు. చివరి మెట్టు మీద కంపెనీ గేటు పెట్టింది. హైదరాబాదులో ఈనాడు ఎందరో మన పిల్లల పేర్లు ఇటువంటి పేటెంట్ల మీద 'కనిపెట్టినవారు' అన్నచోట వుంటున్నాయి. 'యజమాని' అన్నచోట వుండేది కంపెనీ పేరు. ఒంటరి మేధావిని కాపాడటానికే పేటెంటు అని చెప్పేవాళ్ళు ఈ రెండు గళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

అమెరికా కోర్టులు కూడా ఈ విషయంలో నిలకడగా లేవు. 1972లో బెన్సన్ కేసులో సుప్రీంకోర్టు, అంకెలను ఒక రూపంలోంచి మరొక రూపంలోకి మార్చే ప్రోగ్రాముకు పేటెంటు లేదన్నది. 1981లో డీర్ కేసులో రబ్బరు పదునుచేసే ప్రక్రియలో కంప్యూటరుంటే పరవాలేదన్నది. 1998లో కింది అప్పీలు కోర్టు స్టేట్ స్ట్రీట్ కేసులో తలుపులు బార్లా తెరిచింది. 2014 జూన్ 19న ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, కేవలం ఒక భావాన్ని కంప్యూటరు మీద నడిపినంత మాత్రాన అది పేటెంటుకు అర్హం కాదని చెప్పింది. దాంతో చాలా పేటెంట్లు కూలిపోయాయి. ఇది మేలే. కాని తీర్పు కోర్టు గుమ్మం దాకా వెళ్ళగలిగినవాడికే అందుతుంది. పేటెంటు చెల్లదని పేటెంటు ఆఫీసులోనే సవాలు చేసే మార్గం 2011 చట్టంతో ఏర్పడింది. దానికి ప్రభుత్వ రుసుమే ఇరవై వేల డాలర్లకు పైన. లాయరు ఖర్చు వేరు. కూకట్‌పల్లి గదిలో అద్దె కట్టుకునే కుర్రవాడికి ఆలిస్ తీర్పు వల్ల ఒరిగేదేమిటి?

మన దేశంలో ఈ కథ వేరుగా నడిచింది. దాన్ని నడిపినవాళ్ళలో మన పాఠకుల మిత్రులు కూడా వున్నారు. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో యిచ్చిన నివేదిక, ఈ దేశంలో పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయుల చేతుల్లో వున్నాయని, వాటిలో చాలా వాటిని ఇక్కడ వుత్పత్తికే పెట్టటం లేదని చూపించింది. 1970 పేటెంటు చట్టానికి ఆ నివేదికే మూలం. 2002 సవరణతో ఆ చట్టంలో 3(కె) అన్న చిన్న క్లాజు చేరింది: గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాము, ఆల్గరిథమ్ — ఇవి ఆవిష్కరణలు కావు. 2004 డిసెంబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగించినా, యంత్రసామగ్రితో కలిపినా ప్రోగ్రాముకు పేటెంటు యివ్వవచ్చునని సందు పెట్టింది. బయటనుంచి మద్దతిస్తున్న వామపక్షాలు పట్టుబట్టాయి. 2005 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఆ సందు లేదు. మందుల గురించి జరిగిన పోరాటం మనవాళ్ళకు గుర్తుంది గాని, ఇది చాలామందికి గుర్తులేదు. గుర్తులేని విజయాన్ని కాపాడుకోవటం కష్టం. 'కేవలం' అన్న ఆ ఒక్క మాట చుట్టూ అప్పటినుంచీ తాడు లాగుతూనే వున్నారు. కొత్త యంత్రసామగ్రి వుంటేనే పేటెంటు అని పేటెంటు ఆఫీసు 2016లో పెట్టుకున్న నియమం 2017 మార్గదర్శకాల్లో లేకుండా పోయింది. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ఫలితం చూపించగలిగితే ప్రోగ్రాముతో కూడిన ఆవిష్కరణకు నిషేధం లేదన్నది.

ఈ క్లాజు నా విద్యార్థిని కాపాడలేదా? కాపాడింది, భారతదేశం పొలిమేర దాకా. పేటెంటు ఏ దేశం యిస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది. కూకట్‌పల్లిలో అతను రాసిన ప్రోగ్రాము ఇక్కడ ఎవరి హక్కునూ తాకదు. డల్లాస్‌లో పిల్లవాడికి అమ్మిన క్షణంలో అమెరికా చట్టం అతన్ని పట్టుకుంటుంది. అమ్మకం మీద స్టోరు తన వాటా ముందే తీసుకుంటుంది. ఆపిల్ అయితే మామూలుగా 30 శాతం, ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు వున్నవాళ్ళు 2021నుంచి చేరిన పథకం కింద 15 శాతం. వాటాలో భాగస్వామి అయిన స్టోరు ఆపదలో భాగస్వామి కాదు. మరొకరి హక్కులకు భంగం కలిగించనని డెవలపరే హామీ రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం అతను చదివే పెట్టాడు. పెట్టకుండా వుండే వీలు లేదు గనక పెట్టాడు.

ఇక రెండో ప్రశ్న. కట్టాలా, పోరాడాలా?

నేను పోరాడమన్నదానికి నా మనసులో ఒక కారణం లేకపోలేదు. అన్యాయమైన శిస్తు కట్టటం కట్టేవాడి సొంత వ్యవహారం కాదు. అతను కట్టిన డబ్బుతో మరో నూరు వుత్తరాలు అచ్చవుతాయి. 'ఇంతమంది ఇప్పటికే లైసెన్సు తీసుకున్నారు' అన్న జాబితాలో అతని పేరు చేరుతుంది. ఆ జాబితాయే తరవాతివాడి మీద ఆయుధం. అలా చూస్తే నిర్దోషి రాజీపడ్డప్పుడు తన పక్కవాడిని పట్టిచ్చినట్టే. ఈ తర్కంలో నాకు ఇప్పటికీ లోపం కనిపించదు. నిలబడితే వాళ్ళు వెనక్కి తగ్గుతారని చెప్పటానికి సాక్ష్యం కూడా వుంది. 2012లో లాడ్సిస్ దావాలో చిక్కుకున్న రష్యా కంపెనీ కాస్పర్‌స్కీ రాజీకి ఒప్పుకోలేదు. సహ ప్రతివాదుల్లో అత్యధికులు డబ్బు కట్టి బయటపడ్డారు. కాస్పర్‌స్కీ విచారణ దాకా వచ్చి నిలబడేసరికి 2013లో లాడ్సిసే దావా వదులుకుంది.

నా విద్యార్థి ఇదంతా శ్రద్ధగా విన్నాడు. విని, "కాస్పర్‌స్కీ వాళ్ళకు లాయర్ల డిపార్టుమెంటు వుంటుంది కదా మాస్టారూ. మీకు నెలనెలా జీతం వస్తుంది. నాకు వీసా ఇంటర్వ్యూ వుంది," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. నేనే అందులో కోపం వెతుక్కున్నాను, ఎందుకంటే కోపమైతే జవాబు చెప్పటం తేలిక.

ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది, నేనతనికి చేసింది బోధ కాదని. ఖర్చు అతనిది, ధర్మం నాది. మన వ్యాసాల్లో, మన సభల్లో ఈ జబ్బు కొత్తది కాదు. కష్టజీవి వీరుడై నిలవాలని కుర్చీలో కూచున్నవాడు కోరుకుంటాడు. నిలవలేకపోతే చైతన్యం చాలలేదంటాడు. రాజీ పక్కవాడికి చేటు చేస్తుందన్న తర్కం నిజమే. కాని ఆ తర్కం విధించే బాధ్యత ఎవరి మీద పడాలి? పక్కవాళ్ళంతా చేతులు ముడుచుకు కూచుని, వుత్తరం అందిన ఒక్కడు మాత్రమే అందరి కోసమూ దివాలా తియ్యాలనటానికి మనకు హక్కెక్కడిది? ఒకడు మొయ్యలేని బరువును ఒకడి నెత్తిన పెట్టి దానికి నీతి అని పేరుపెడితే, అది ఆ వుత్తరం రాసినవాడికే సహాయం. వాడి వ్యాపారమంతా ప్రతి ఒక్కరినీ విడివిడిగా పట్టుకోవటం మీదే నడుస్తున్నది.

విడివిడిగా దొరక్కుండా పోయినవాళ్ళు వున్నారు. పాడ్‌కాస్టులన్నిటి మీదా తమకు హక్కుందని పర్సనల్ ఆడియో అనే సంస్థ 2013లో దావాలు మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే ప్రజాసంస్థ చందాలకు పిలుపిచ్చింది. వెయ్యిమందికి పైగా తలా కొంచెం వేశారు. ఆ డబ్బుతో పేటెంటు ఆఫీసులో సవాలు చేశారు. పేటెంటు దరఖాస్తుకు ముందే సీఎన్ఎన్, కెనడా రేడియో సీబీసీ తమ కార్యక్రమాలను భాగాలు భాగాలుగా ఇంటర్నెట్టులో పెట్టిన సంగతి వెతికి తీశారు. 2015 ఏప్రిల్‌లో ఆ పేటెంటు చెల్లదని తేలింది. 2017లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. చందా వేసిన ఆ వెయ్యిమందిలో ఎవరూ వీరులు కానక్కరలేకపోయింది. ఎవరి బియ్యం వాళ్ళకు మిగిలాయి.

నా విద్యార్థి డబ్బు కట్టలేదు, దావాకూ నిలబడలేదు. యాప్‌ను అమెరికా స్టోరులోంచి తీసేశాడు. కొనుక్కున్న కుటుంబాలకు మర్యాదగా ఒక వుత్తరం రాశాడు. దాంట్లో తెలుగు నేనే దిద్దాను. ఒక తల్లి, మా పిల్ల పన్నెండో కథలో ఆగింది, మిగతావి ఎలా అని అడిగిందట. ఆపినచోటు యాప్‌కు గుర్తుంది.

పోయిన సంవత్సరం మళ్ళీ వచ్చాడు. అదే సంస్థనుంచి అదే వుత్తరం అందుకున్నవాళ్ళను పదకొండుమందిని వెతికి పట్టుకున్నాడు. విజయవాడవాళ్ళున్నారు, బెంగుళూరువాళ్ళున్నారు, ఒకడు కోయంబత్తూరు. అందరూ కలిసి ఒక లాయరును పెట్టుకొని ఒకే జవాబు పంపించాలని అనుకుంటున్నారు. ఆపినచోట గుర్తు పెట్టే పద్ధతి ఆ పేటెంటుకు ముందు ఎక్కడెక్కడ వుందో సాక్ష్యాలు పోగుచేస్తున్నారు. నెమలీక పనికిరాదట, కంప్యూటరు మీద వుండాలట. చందా ఎంతో చెప్పాడు, యిచ్చాను. అది తేలిక. తరవాత అన్నాడు: "మాస్టారూ, కథలు దిద్దినందుకు వచ్చినదాంట్లో మీకూ వాటా యిచ్చాను కదా. యాప్‌లో మీ పేరు కూడా వుంది. జవాబు కింద మీ సంతకం కూడా పెడితే పన్నెండుగురం అవుతాం."

రెండు రోజులు గడువడిగాను. అమెరికా కోర్టు ఒక ప్రభుత్వ కాలేజీ లెక్చరరును ఏం చెయ్యగలదని తెలిసినవాళ్ళను అడిగాను. ఏమీ చెయ్యలేదన్నారు. అయినా ఆ రెండు రోజులూ నిద్ర సరిగా పట్టలేదు. మూడోరోజున సంతకం చేసి పంపాను. ఇది రాసేనాటికి అవతలనుంచి జవాబు రాలేదు. యాప్ అమెరికా స్టోరులో ఇంకా లేదు.